ఉప్పురవ్వల జబ్బుకి పంటి వైద్యం

విశాఖపట్నంలో సముద్రానికి నాలుగు వీధుల ఇవతల హైమవతి గారనే పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రి ఉంది. పంటినొప్పితో వచ్చినవాళ్ళు కాసేపు నొప్పి మర్చిపోతారని ఆవిడ ముందుగదిలో నిలువెత్తు గాజు తొట్టి పెట్టించింది. అందులో ఉప్పునీళ్ళు నింపి, అడుగున ఇసుక పరిచి, రాళ్ళు పేర్చి, సముద్రపు చేపల్ని పెంచుతోంది. ఆ చేపలకి సముద్రం ఎలా ఉంటుందో గుర్తులేదు గానీ, పుచ్చుపన్ను ఎలా పీకుతారో మాత్రం బాగా తెలుసు.

అందరికంటే బాగా తెలిసినవాడు గుండయ్య. గుండయ్య ఉబ్బు చేప. మామూలప్పుడు వంకాయంత ఉంటాడు. కోపమొచ్చినా భయమేసినా నీళ్ళు మింగి కొబ్బరికాయంత అవుతాడు. అతను పడుకునే మూలకి సరిగ్గా ఎదురుగానే వైద్యం గది తలుపు. ఆ తలుపు సందులోంచి ఏడేళ్ళుగా చూసి చూసి, డాక్టరమ్మకి తెలిసిందంతా తనకీ తెలుసని తేల్చుకుని తొట్టిలో వైద్యం మొదలుపెట్టాడు. ఉన్నది ఒకటే వైద్యం. ఎవరికి ఏమొచ్చినా, "నోరు తెరు. ఇంకా పెద్దగా. ఆ... అను," అనేవాడు. లోపలికి తొంగిచూసి, నిట్టూర్చి, "జబ్బంతా పళ్ళలోనే ఉంది. మూడు రోజులు ఏమీ నమలకూడదు," అని చెప్పేవాడు. రోగి నమలకూడని రొయ్యముక్కలు అలాగే వదిలేస్తే కుళ్ళి నీళ్ళు పాడవుతాయి కదా, అందుకని వాటిని గుండయ్యే నమిలేవాడు.

పాపం, అతను మోసగాడు కాడు. తను చెప్పేది తనే మనస్ఫూర్తిగా నమ్మేవాడు. వచ్చిన చిక్కంతా అదే. ఆ తొట్టిలో పైడమ్మ, ముత్యాలు అని నారింజరంగు చేపల జంట ఉంది. పెళ్ళాం పెద్దది, మొగుడు చిన్నవాడు, ఆ జాతిలో అంతే. పైడమ్మకి తోక చిరిగినా, ముత్యాలుకి ఆకలి మందగించినా వాటంతట అవే తగ్గిపోయేవి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే పేరు కాకికే వస్తుంది. అలా గుండయ్యకి వైద్యుడని పేరొచ్చింది.

ఆ పేరు ఒప్పుకోనిది నత్త మంగాయమ్మ ఒక్కతే. ఇసుకలో పాకుతూ, అద్దం మీద పాచి నాకుతూ, అందరి సంగతులూ చూస్తూ తిరిగేది. ఒక్కసారైనా వైద్యానికి రాలేదు.

"వందమందిని సంపితేగాని వైద్యుడవ్వడంటారు," అనేది. "ఈ తొట్టిలో నువ్వూ నేనూగాక ఉన్నోలే ఇద్దరురా గుండయ్యా! నువ్వెప్పటికి వైద్యుడవుతావు?"

గుండయ్య నవ్వి ఊరుకునేవాడు గానీ, ఆ ఒక్క రోగి దక్కలేదన్న దిగులు మాత్రం లోపల ఉండేది.

ఆ వేసవిలో కొట్టునుంచి ప్లాస్టిక్ సంచిలో కాంచన వచ్చింది. పసుపుపచ్చగా, పల్చగా, పండిన తమలపాకులా ఉండే చిన్న చేప. వచ్చీ రాగానే పైడమ్మని పిన్నీ అంది, మంగాయమ్మని మామ్మా అంది, గుండయ్యని మావయ్యా అంది. ఏడేళ్ళలో గుండయ్యకి వరస కలిపి పిలిచినవాళ్ళు లేరు. అతనికి ఆ పిల్లంటే ప్రాణమైపోయింది.

అయిదో రోజున కాంచన ఒంటిమీద తెల్లగా ఉప్పురవ్వలు చల్లినట్టు మచ్చలు లేచాయి. రాయి కనబడితే చాలు, పక్కకి ఒరిగి ఒళ్ళు రాసుకుంటోంది.

"నోరు తెరమ్మా," అన్నాడు గుండయ్య. కాంచన తెరిచింది. "పెద్దగా... ఆ అను... ఊఁ. నేననుకున్నదే. పళ్ళు."

మంగాయమ్మ ఇసుకలోంచి తల పైకెత్తింది. "మచ్చలు ఒంటిమీదుంటే నోట్లో ఏటి సూస్తన్నావురా?"

"అత్తా, వేరు నోట్లో ఉంటుంది. ఒంటిమీద కనిపించేవి ఆకులు," అన్నాడు గుండయ్య గంభీరంగా.

"ఆకులూ కాదు, కొమ్మలూ కాదు. అయి పురుగులు. సర్మం కింద దూరి గుంటపిల్లని పీక్కు తింటన్నాయి. మొప్పలు సూడు, ఎంత గబగబ కొట్టుకుంటన్నాయో! అక్కడ కూడా దూరినట్టున్నాయి. పిల్లని అద్దంకాడ నిలబెట్టు. పొద్దున డాక్టరమ్మ సూసి మందేస్తాది."

అద్దం మాట వినగానే పైడమ్మ అదిరిపడింది. "ఓలమ్మో! ఆవిడ కంట్లో పడితే వలేసి తీసేస్తాది. నిరుడు నల్లచారల సూరీడు వల్లో ఎల్లినాడు, మళ్ళీ వచ్చినాడా?"

"సూరీడు సావలేదే. నేను తొట్టి పై అంచుదాకా పాకి సూసినాను. పక్కగదిలో చిన్న తొట్టి ఉన్నాది. అందులో ఉంచి, మందేసి, బాగయ్యాక డాక్టరమ్మ తనింటికి పట్టుకుపోనాది."

"నత్త చూపు పక్కగది దాకా ఆనుతుందా!" అని గుండయ్య నవ్వాడు. ముత్యాలు పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ నవ్వడం చూసి తనూ నవ్వాడు.

వలంటే అంత భయం కాబట్టే ఆ తొట్టిలో ఒక ఆచారం పుట్టింది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి డాక్టరమ్మ మేతడబ్బా పట్టుకుని వచ్చి, తొట్టిని ఒకసారి పరకాయించి చూస్తుంది. ఆ వేళకి ఎవరికి నలతగా ఉన్నా వాళ్ళని రాతి చాటుకి నెట్టి, మిగతావాళ్ళు ముందు నిలబడి తోకలూపుతూ హుషారు నటిస్తారు. కాంచననీ అలాగే దాచారు. డాక్టరమ్మ తృప్తిగా మేత వేసి వెళ్ళిపోయింది. గుండయ్య కాంచన వాటా నమిలాడు.

నాలుగో రోజు పొద్దున్న చూస్తే కాంచన ఒంటిమీద ఒక్క మచ్చ లేదు!

తొట్టంతా సంబరపడిపోయింది. పైడమ్మ, ముత్యాలు తమ వాటా ముక్కలు కూడా తెచ్చి గుండయ్య ముందు పెట్టారు. కాంచన అతని చుట్టూ మూడుసార్లు తిరిగి, "మావయ్యా, నువ్వు దేవుడివి," అంది. గుండయ్యకి కళ్ళు చెమర్చాయి. నీళ్ళలో ఉన్నవాడికి కళ్ళు చెమర్చడమేమిటని అడక్కండి, చెమర్చాయి.

మంగాయమ్మ ఒక్కతే ఇసుకని వాసన చూస్తూ తిరుగుతోంది. "పోలేదురా. కిందకి దిగినాయి. తిన్నంత తిని, బలిసి, రాలిపోనాయి. ఇదిగో, ఇసుకలో గూళ్ళు కట్టుకున్నాయి. ఒక్కో గూటిలో వందల పిల్లలు. అయి పైకి లేచిన్నాడు ఈ తొట్టిలో ఎవరి ఒళ్ళూ మిగలదు."

"కళ్ళకి కనబడని జబ్బు జబ్బెలా అవుతుందత్తా? తగ్గినవాళ్ళకి జబ్బుందనడం నీకే చెల్లింది," అని, నిండిన పొట్ట ఆ ఇసుకలోనే ఆనించుకుని గుండయ్య హాయిగా కునుకు తీశాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. పదోరోజు పొద్దున్న పైడమ్మ మొగుణ్ణి చూసి కెవ్వుమంది. ముత్యాలు పెళ్ళాన్ని చూసి కెవ్వుమనబోయి, ధైర్యం చాలక ఊరుకున్నాడు. ఇద్దరి ఒంటిమీదా ఉప్పు చల్లినట్టే ఉంది. కాంచన ఒళ్ళయితే పసుపు కనబడకుండా తెల్లబడిపోయింది. మోటారు గొట్టంలోంచి నీళ్ళు వచ్చేచోట, ఆ ధారకి ఎదురుగా నోరు పెట్టి ఎగశ్వాస తీస్తోంది. మేత ముక్క ముక్కుకి తగిలినా నోరు తెరవడం లేదు.

గుండయ్య పరుగున వెళ్ళాడు. ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు అలవాటే నోట్లోంచి వస్తుంది. "నోరు తెరమ్మా," అన్నాడు.

కాంచన తెరవలేకపోయింది. "మావయ్యా," అంది చిన్నగా, "ఈసారి కూడా మూడు రోజులేనా? అన్నాళ్ళు ఉండగలనో లేదో."

ఆ మాట విని గుండయ్య అక్కడ నిలవలేకపోయాడు. వెనక్కి తిరిగి తన మూలకి వచ్చి, ఇసుకలో సగం కూరుకుని పడుకున్నాడు. నిజానికి రాత్రినుంచి అతనికీ ఒళ్ళంతా జిల. పొట్టనిండా తెల్లమచ్చలే. ఎవరైనా అడిగితే ఇసుక అంటుకుందని చెబుతున్నాడు. అత్త చెప్పింది నిజమేనేమోనని ఒక్క క్షణం అనిపించింది. నిజమని ఒప్పుకుంటే ఏడేళ్ళ పేరు ఇసుకలో కలుస్తుంది. ఒప్పుకోకపోతే ఆ పిల్ల పోతుంది. ఎటూ తేల్చుకోలేక కళ్ళు మూసుకున్నాడు.

మంగాయమ్మ అతన్ని చూసింది, కాంచనని చూసింది. ఇక వీళ్ళకి చెప్పి ప్రయోజనం లేదనుకుంది. నెమ్మదిగా ముందు అద్దం ఎక్కడం మొదలుపెట్టింది. మర్నాడు తొమ్మిదింటికి అద్దం నడిమధ్యకి చేరాలంటే నత్త అన్నది ఈ మధ్యాహ్నమే బయల్దేరాలి.

మర్నాడు గోడ గడియారం ముల్లు తొమ్మిదికి దగ్గర పడింది. పైడమ్మ, ముత్యాలు కాంచనని ఎలాగో రాతిచాటుకి తోసి, తాము వెలుతురు తక్కువున్న మూలకి జరిగి తోకలూపుతున్నారు. అప్పుడు అద్దం మధ్యనుంచి ఒక మూలుగు వినిపించింది.

"గుండయ్యా! ఒరె గుండయ్యా! నాకేటో అయిపోతందిరా! నోట్లో ఒకటే సలుపు. ఒకపాలి వచ్చి సూడు బాబూ!"

గుండయ్య తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. ఏడేళ్ళుగా రాని రోగి! దురదా మర్చిపోయాడు, దిగులూ మర్చిపోయాడు, డాక్టరమ్మ వచ్చే వేళయిందన్నదీ మర్చిపోయాడు. ఇసుక ఎగజిమ్ముకుంటూ లేచి, ఒక్క ఊపులో అద్దం దగ్గరికి వచ్చాడు.

"వచ్చావా అత్తా దారికి! ఏదీ, నోరు తెరు."

"తెరుస్తానుగాని, ముందు నీ నోరు సూపించు. నోరు బాగున్నోడి సేతే వైద్యం సేయించుకోవాలని మా యమ్మ సెప్పింది."

"నా నోటికేం? చూసుకో," అని గుండయ్య గర్వంగా నోరు తెరిచాడు.

మంగాయమ్మ తొంగిచూసి, "ఓలమ్మో!" అంది. "ఉన్నయే నాలుగు పళ్ళు. అందులో మూడు పుచ్చిపోనాయి కదరా!"

"పుచ్చా? నాకా?"

"నాలుగోది కదుల్తంది కూడాను. పంటి వైద్యుడికి పళ్ళే లేవంటే నలుగురూ ఏటంటారు! నువ్వే మూడురోజులు నమలడం మానాల."

అంతే. గుండయ్యకి ఒళ్ళు మండింది. గుటగుటా నీళ్ళు మింగాడు. వంకాయ ఉబ్బి దోసకాయయింది, దోసకాయ కొబ్బరికాయయింది. చర్మం సాగి, ముళ్ళు నిక్కి, ఇసుకమాటున దాచుకున్న మచ్చలన్నీ అద్దం నిండా బయటపడ్డాయి. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ మేతడబ్బాతో వచ్చి ఆగిపోయింది. ఆవిడ ముఖానికి జానెడు దూరంలో, తెల్లమచ్చల బంతొకటి నోరు తెరుచుకుని తేలుతోంది.

"అయ్యో, ఇదెక్కడి జబ్బురా తండ్రీ!" అని డబ్బా కింద పెట్టి టార్చి తెప్పించింది. వంగి ఒక్కొక్కరినే వెతికి వెతికి చూసింది. పైడమ్మ రెక్కలు చూసింది, ముత్యాలు ఒళ్ళు చూసింది. చివరికి రాతి వెనక కాంచనని చూసి నాలిక కరుచుకుంది. "మొప్పల్లోకి కూడా పాకేసింది. ఇంకో రోజు ఆలస్యమైతే ఈ పిల్ల దక్కేది కాదు," అంది తన దగ్గర పనిచేసే నర్సుతో. "కొత్త చేపని కొన్నాళ్ళు విడిగా ఉంచకుండా వదిలేశాను. తప్పు నాదే. వల తీసుకురా."

ఉబ్బినవాడు పారిపోలేడు కాబట్టి ముందుగా వలలోకి వెళ్ళింది గుండయ్యే. పోతూ పోతూ కిందకి చూశాడు. అద్దం మీద మంగాయమ్మ తీరిగ్గా పాచి నాకుతోంది.

"అత్తా! నా పళ్ళు నిజంగానే పుచ్చాయా?" అని అరిచాడు.

"గట్టి రాళ్ళలాగున్నాయిరా, ఎల్లిరా!" అందావిడ.

పక్కగదిలో చిన్న తొట్టి నిజంగానే ఉంది. డాక్టరమ్మ కాంచన ఒంటిమీంచి జిగురు రవ్వంత తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తోందో గడియారం పెట్టుకుని చూసింది. కొలిచి కొలిచి మందు కలిపింది. తన వంతు రాగానే గుండయ్య బుద్ధిగా నోరు తెరిచాడు. ఆవిడ అటు చూడనైనా చూడలేదు. ఏడేళ్ళు తలుపు సందులోంచి చూసిన చదువు ఎంతటిదో అతనికి అప్పుడర్థమై, సిగ్గుపడి నోరు మూసుకున్నాడు.

"పెద్ద తొట్టిలో రెండున్నర నెలలు చేపన్నది ఉండకూడదు," అని డాక్టరమ్మ నర్సుతో చెప్పడం వినిపించింది. "ఎక్కడానికి ఒళ్ళు దొరక్క ఆ పురుగులు మాడి చావాలి. నత్త ఉండొచ్చు. అవి నత్తనేం చెయ్యవు, ఈ మందు మాత్రం దాన్ని చంపేస్తుంది."

నాలుగో రోజుకి కాంచన లేచి తిరిగింది. అయిదో రోజున రెండు ముక్కలు తింది. తిని, గుండయ్య ముందుకి వచ్చి ఇటు తిరిగి, అటు తిరిగి, "మావయ్యా, చూడూ! నా మచ్చలు పోయాయి కదూ? జబ్బు తగ్గిపోయింది కదూ?" అంది.

గుండయ్య చూశాడు. తల నుంచి తోక దాకా నిగనిగలాడే పసుపు. ఒక్క మచ్చ లేదు. పైడమ్మ, ముత్యాలు అతని మాట కోసం ఎదురుచూస్తున్నారు, పాత అలవాటు. "తగ్గిపోయింది" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే పిల్ల ఎంత సంబరపడుతుందో అతనికి తెలుసు. ఉబ్బడానికి ఎంత కష్టపడతాడో, ఆ మాట మింగడానికి అంతకు రెండింతలు కష్టపడ్డాడు.

"మచ్చలు కనబడటం లేదమ్మా," అన్నాడు చివరికి. "జబ్బు తగ్గిందో లేదో నాకు తెలీదు. డాక్టరమ్మ వచ్చే వేళయింది. పద, ఇద్దరం అద్దం దగ్గరికెళ్ళి నిలబడదాం."

జబ్బు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ తేడా తెలియనప్పుడు తెలియదని చెప్పడమే వైద్యుడు చేసే మొదటి వైద్యం.