వంతులన్నీ మచ్చాలువే

ఏరు సముద్రంలో కలిసే చోట ఉప్పుమడ అనే అడవి ఉంది. అక్కడ కొంగలు, నీటికుక్కలు, చేపలు పట్టుకు బతికే బావురుపిల్లులు ఉండేవి. బురదలో బోలెడు పీతలు.

సముద్రపు చేపలు ఏట్లోకి వచ్చే ఇరుకు దారి పేరు మొగ. మచ్చాలు, పైడి అనే బావురుపిల్లులు తోడికోడళ్ళు. మొగ దగ్గర వేటకు ఒకరోజు మచ్చాలు వంతు, మర్నాడు పైడి వంతు.

వంతు లేని రోజు పైడి ఊరికే కూర్చోలేదు. నీటికుక్కను బతిమాలి పీతలు పట్టడం నేర్చుకుంది. రెండుసార్లు ముక్కు చీరుకుపోయినా మానలేదు.

"చేపలు పట్టే ఇంటి కోడలివి, బురద కెలుకుతావుటే?" అంది మచ్చాలు.

"చేప రాని రోజు బురదేగా అన్నం పెట్టేది, అక్కా!" అని నవ్వింది పైడి.

ఆ నవ్వు మచ్చాలుకు గుచ్చుకుంది. పైడి పిల్లలు నున్నగా మెరుస్తుంటే ఆమెకు ఒళ్ళు మండేది. తన ముగ్గురు పిల్లలకూ లోటేం లేదు. లేకపోతేనేం? నోట్లో చేప ఉండగానే, పైడి నోట్లో ఏముందా అని తొంగిచూసేది.

చివరికి ఓర్వలేక అడవి పెద్ద గూడబాతు దగ్గరకు వెళ్ళింది.

"తాతా, అది రెండు చేతులా తింటోంది. పీతలున్నదానికి మొగలో వంతెందుకు?"

"నా వంతు నా హక్కు, తాతా! కష్టపడి ఇంకో పని నేర్చుకోవడం తప్పా?" అని, గూడబాతు పిలిపిస్తే వచ్చిన పైడి గట్టిగానే అడిగింది.

గూడబాతు తల ఊపింది గానీ, మచ్చాలు ఏడుపుకి లొంగిపోయింది. వంతులన్నీ మచ్చాలుకే ఇచ్చేసింది.

"వంతులు ఉంచుకో అక్కా. పిల్లల్ని మాత్రం నాతో పంపు, పని నేర్పుతాను," అంది పైడి.

"నా పిల్లలు బురదలో దిగరు!"

నెల తిరక్కుండా తుఫాను వచ్చింది. ఇసుక మేటవేసి మొగ పూడిపోయింది. ఒక్క చేప కూడా లోపలికి రాలేదు.

మచ్చాలు మాత్రం మొగ వదల్లేదు. "ఈ చోటు నాది," అంటూ ఇసుక మీద కూర్చుంది. తను లేస్తే పైడి వచ్చేస్తుందని భయం! నాలుగు రోజులు గడిచాయి. ఆకలికి ఏడ్చి ఏడ్చి పిల్లలు ఎటో వెళ్ళిపోయాయి.

గుండెలు బాదుకుంటూ వెతికింది. మడచెట్ల వెనక కేరింతలు వినిపించాయి. తన పిల్లలే! చెవుల దాకా బురద, నోటినిండా పీతమాంసం. "పిన్నీ, ఇంకోటి పట్టా!" అని గంతులేస్తున్నాయి.

తన పిల్లల నోట "పిన్నీ" అన్న పిలుపు విని కూడా మచ్చాలు కుళ్ళుకుంది. కానీ తను కూడా నాలుగు రోజులుగా ఏమీ తినలేదు.

"దిగక్కా," అంది పైడి.

మచ్చాలు దిగింది. చెయ్యి పెట్టగానే పీత కరిచింది.

"అలా కాదమ్మా, వెనకనుంచి పట్టాలి," అంటూ చిన్నది తల్లి చెయ్యి పట్టుకుని చూపించింది.

నీతి: ఒక్క ఆధారం మీదే బతుకంతా వేలాడదీయకూడదు, పక్కవాళ్ళ పని చూసి కుళ్ళుకునే పొద్దులో ఆ పని నేర్చుకోవచ్చు.