రాజుగారి విస్తరి ముందు పాట

చింతలదుర్గం రాజు బసవభూపాలుడికి పాట లేనిదే ముద్ద దిగదు. ఆయన విస్తరి ముందు కూర్చున్నది మొదలు ఆస్థాన గాయకుడు లక్కన్న పాడుతూనే ఉండాలి. మంగళం పాడాడంటే భోజనం ముగిసినట్టే, వెంటనే విస్తరి తీసేస్తారు. తాతల నాటి ఆచారం, రాజైనా కాదనడానికి వీల్లేదు.

ఒకరోజు రాజుగారికి ఉన్నట్టుండి సందేహం పుట్టింది. లక్కన్న భోజనాల వేళ పాడతాడు సరే, మిగతా పొద్దంతా ఏం వెలగబెడుతున్నట్టు?

ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు కోశాధికారి మల్లనార్యుడు. ఆయనకీ పాట పిచ్చి ఉంది. పండగ కొలువుల్లో తనకొచ్చిన మూడు కీర్తనలూ, చివర మంగళమూ పాడతాడు. కింది గుమాస్తాలు భళా అంటే అదంతా తన గొంతు మహిమే అనుకుంటాడు.

"ప్రభూ, పాట కూడా ఒక పనేనా? ఖజానా చూసుకుంటూ తీరిక వేళ నేను పాడటం లేదూ? లక్కన్నని ధాన్యపు కొట్లో వేయించండి. తమరి భోజనం పాట నేను చూసుకుంటాను" అన్నాడు.

రాజుకి అది సబబుగానే తోచింది. అక్కడే ఉన్న లక్కన్న ఆ మాట విన్నాడు. పొద్దున్నే గొంతు సాధన, మధ్యాహ్నం కొత్త కీర్తనలు కట్టుకోవడం, అదే అతని బతుకు, అదే అతని సుఖం. కొట్లో వడ్ల దుమ్ము మింగితే ఇక పాడే గొంతెక్కడిది?

అయినా పైకి నవ్వుతూనే, మర్నాటి భోజనానికి కోశాధికారిగారే పాడాలనీ, ఆచారం మాత్రం తు.చ. తప్పకుండా జరగాలనీ వేడుకున్నాడు. రాజు సరేనన్నాడు.

లక్కన్న తిన్నగా వంటశాలకి వెళ్ళాడు. రేపు కోశాధికారిగారి తొలి పాట కాబట్టి విందు ఘనంగా ఉండాలనీ, గారెలూ పూర్ణాలూ ఆఖర్న వేడివేడిగా రావాలనీ వంటవాడికి చెప్పి వచ్చాడు.

మర్నాడు మల్లనార్యుడు పట్టుశాలువా కప్పుకుని దిగాడు. పప్పుతో ఒక కీర్తన, కూరలతో ఇంకొకటి, పులిహోర సగంలో ఉండగానే మూడోదీ అయిపోయాయి. మొదటిదే మళ్ళీ ఎత్తుకుంటే రాజు ముఖం చిట్లించాడు. ఇంతలో పూర్ణాలు వచ్చాయి.

రాజు ఒక పూర్ణం చేతిలోకి తీసుకుని, కొత్తదేదైనా అందుకోమన్నాడు. మల్లనార్యుడికి వచ్చింది ఇంకొక్కటే మిగిలింది. కళ్ళు మూసుకుని అదే పాడేశాడు.

మంగళం వినగానే వడ్డించేవాళ్ళు విస్తరి ఎత్తేశారు. రాజు చేతిలోని పూర్ణాన్ని కూడా వినయంగా తీసుకుపోయారు.

"లక్కన్నా, ఆచారం తప్పకూడదన్నది నువ్వే కదా, ఏమిటిది?" అని గోడవారన నిలబడ్డ లక్కన్న మీద గర్జించాడు రాజు.

"ప్రభూ, కోశాధికారిగారికి పాట తీరిక వేళ పని. తమరి ఆకలి తీరిక చూసుకుని వచ్చేది కాదు కదా. ఆ విస్తరి ఆఖరిదాకా నిలవాలంటే ఒకడు పొద్దస్తమానం పాట పనిలోనే ఉండాలి."

రాజు కోపంగా చూడబోయి పకపకా నవ్వేశాడు. బంతిలో కూర్చున్నవాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. లక్కన్న ఎవరూ అడక్కుండానే కొత్త కీర్తన ఎత్తుకున్నాడు. కొత్త పాట మొదలైందంటే కొత్త భోజనం మొదలైనట్టే, పరుగున మరో విస్తరి వచ్చి పడింది.

రాజు తన బంగారు కంకణం తీసి లక్కన్న చేతికి తొడిగాడు. బతికున్నన్నాళ్ళూ ఇతనికి పాట తప్ప మరో పని చెప్పకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. ఆ తర్వాత మల్లనార్యుడి వైపు తిరిగి, భోజనాల వేళ మాత్రం పొరపాటున కూడా మంగళం బయటికి వినిపించకుండా ఖజానా గది తలుపు లోపల గడియ వేసుకుని ఉండమన్నాడు.