బీరువాలో భోజనం

నేరేడుకోట రాజావారు జగ్గరాజుగారికి వేట పిచ్చి లేదు, జూదం పిచ్చి లేదు. ఉన్నదల్లా పాత సామాన్ల పిచ్చి. అది చాలదూ!

ఏ పాడుబడ్డ కోటలో వెండి కంచం ఉందన్నా, ఏ రేవులో స్ఫటికపు గిన్నెలు దిగాయన్నా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. తెప్పించేదాకా ఊరుకునేవారు కాదు. తెప్పించాక? అద్దాల బీరువాలో పెట్టించి తాళం బిగించేవారు. చుట్టాలొస్తే బీరువా ముందు గంటసేపు నిలబెట్టి ఒక్కొక్కటీ చూపించేవారు. ఆ తర్వాత విస్తరాకుల్లో భోజనం పెట్టించేవారు.

తాళాలగుత్తి సుదర్శనం పంతులుగారి మొలలో ఉండేది. బీరువాలకు ఆయనే అధికారి. లోపలికి వెళ్ళిన వస్తువు విజయదశమికి తప్ప బయటికి రాకూడదని కట్టడి చేసిందీ ఆయనే. తలుపు తీసిన మరుక్షణం మూసి తాళం వెయ్యకపోతే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. వెండి గురించి తనకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలీదని ఆయన నమ్మకం. అడగనివాళ్ళకు కూడా ఆ సంగతి చెప్పేవారు.

ఒకనాడు పంతులుగారి కన్ను వంటింటి మీద పడింది. అక్కడ పేరిందేవమ్మ చేతిలో నేతిగిన్నె కనిపించింది.

పేరిందేవమ్మ కోటలో వడ్డనకు పెద్ద. రాజావారు పీట మీద కూర్చోవడం నేర్చిన నాటినుంచీ ఆ గిన్నెతోనే ఆయనకు నెయ్యి వడ్డిస్తోంది. గిన్నె ఆయన ముత్తాతగారి నాటిది. రోజూ తోమే గిన్నె కాబట్టి తళతళా మెరిసిపోతోంది.

పంతులుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొలువుకు పరుగెత్తారు.

"ఘోరం ప్రభూ! కోటలోకెల్లా పాత వెండి నేతిజిడ్డులో నానుతోంది!"

ఇంకేముంది, హుకుం పుట్టింది. ఎల్లుండి పొద్దుటికల్లా వంటింటి వెండి మొత్తం బీరువాలోకి చేరాలి. ఆకులూ దొన్నెలూ వెయ్యడానికి ఎవరైనా చాలు గనక పేరిందేవమ్మగారు ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చునని పంతులుగారు దానికో తోక తగిలించారు.

విశ్రాంతట! ఆ గిన్నె పట్టుకోని రోజంటూ పేరిందేవమ్మకు గుర్తులేదు. ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని తిన్నగా కొలువుకు నడిచింది.

"ప్రభూ, ఒక్క కోరిక. రేపు మధ్యాహ్నం నా చేత్తో మీకు ఆఖరి వడ్డన చేస్తాను. మీ బీరువాలోని పాత్రల్లోనే చేస్తాను. అప్పటికీ వీటిని దాచాలనే మీకనిపిస్తే, గిన్నె అప్పగించి వెళ్ళిపోతాను."

"వల్లకాదు!" పంతులుగారు అడ్డొచ్చారు. "పాత్ర బీరువా దాటడానికి వీల్లేదు!"

"దాటొద్దులెండి. బీరువాలోనే వడ్డిస్తాను."

రాజావారికి సరదా పుట్టింది. "బీరువాలో వడ్డనా! అదీ చూద్దాం. పంతులుగారూ, మీరూ భోజనానికి రండి."

మర్నాడు రాజావారు ఫలహారం కూడా మానేసి కూర్చున్నారు. బీరువా ముందు రెండు పీటలు వేశారు. తెర వెనక రాణీగారు చేరారు. పంతులుగారు తాళం తీశారు. ముట్టుకునే దిక్కులేక నల్లబడిపోయిన వెండి కంచాన్ని పేరిందేవమ్మ లోపలే విభూదితో తుడిచింది. అందులో పొగలుకక్కే అన్నం, ముద్దపప్పు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి వడ్డించింది. స్ఫటికపు గిన్నెలో పరమాన్నం పోసింది. చివర పప్పు మీద నేతిధార పోసి, తన గిన్నెతో వెనక్కి జరిగింది.

టక్కుమంది. పంతులుగారి చెయ్యి అలవాటుకొద్దీ తాళం వేసేసింది.

"ఊఁ, వడ్డించండి," అన్నారు రాజావారు చేతులు కడుక్కుని.

"వడ్డించేశాను ప్రభూ, చిత్తగించండి. అదిగో గుత్తివంకాయ. పొద్దున్నే కోసిన లేతకాయలు, కారం కూరి నూనెలో మగ్గించాను. దాని పక్కన గోంగూర. ఆ మూల పరమాన్నం, కొత్తబెల్లంతో చేశాను."

రాజావారు గుటక వేశారు. "బాగుంది, చాలా బాగుంది. తినేదెప్పుడు?"

"తింటే అయిపోదూ? కళ్ళారా చూడండి ప్రభూ!"

రాజావారి కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. "పంతులుగారూ, తలుపు తియ్యండి!"

పంతులుగారి కడుపులోనూ అదే పరిస్థితి. ఆత్రంగా తాళంచెవి వెతుక్కుంటుంటే పేరిందేవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండాగండి! లోపలికెళ్ళింది విజయదశమికి గాని బయటికి రాదని కదూ మీ కట్టడి?"

"ఆ కట్టడి పాత్రలకమ్మా!" ఆకలికి తాళలేక పంతులుగారు అరిచారు. "అన్నం ఉన్నది తినడానికి కాదూ?"

"మరి కంచం ఉన్నది దేనికండీ పంతులుగారూ?"

తెర వెనక రాణీగారు పకపకా నవ్వారు. ఆ నవ్వు రాజావారికి అంటుకుంది. నవ్వీ నవ్వీ ఆయన పొట్ట పట్టుకున్నారు.

"దొరికిపోయారు పంతులుగారూ! మీతోపాటు నేనూ దొరికిపోయాను!"

తాళాలగుత్తి అందుకుని పేరిందేవమ్మ చేతిలో పెట్టారు.

"ఇవాళ్టినుంచి బీరువాలన్నీ మీ చేతికింద. నల్లబడ్డ వెండంతా పంతులుగారు తోమి పెడతారు, ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు! ఇక ఆ నేతిగిన్నె కోటది కాదు, మీ సొంతం. ఏం, రోజూ మీ గిన్నెతో నాకు నెయ్యి పోస్తారా?"

పేరిందేవమ్మకు కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. తలుపు బార్లా తీసి, వెండి కంచాన్ని రాజావారి ముందు పెట్టింది.

"ముద్ద కలపండి బాబూ, పోస్తాను."