మంచుకొండ మీది మూడు గుర్రాలు

అనగా అనగా, ఎండ తప్ప మంచు ఎరగని తామ్రగిరి రాజ్యానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు: ఉగ్రకేతు, చిత్రకేతు, సత్యకేతు. పొరుగు రాజు కూతురు మందారమాలికను శీతాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల మంచుకొండ మీద దాచాడు. ఆమెను తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను తెస్తానని రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పుడు చిన్నవాడు సత్యకేతు తండ్రి పాదాలకు మొక్కి బయలుదేరాడు.

ఏడు సముద్రాలూ దాటి సత్యకేతు కొండ ఎక్కాడు. ఆకాశం నుంచి దూదిపింజల్లా ఏదో రాలుతోంది. చప్పుడు లేదు. చెట్టూ తెలుపే, రాయీ తెలుపే, దారీ తెలుపే. గుడిలోకి వచ్చినవాడిలా చెప్పులు విప్పబోయి, అరికాలు చురుక్కుమనగానే మళ్ళీ తొడుక్కున్నాడు.

మాంత్రికుడి వాకిట రెండు మంచుస్తంభాలున్నాయి. వాటిలో అతని అన్నలున్నారు. శీతాక్షుడు నవ్వి తన షరతు చెప్పాడు. శాలలో తెల్లది, ఎర్రది, నల్లది, మూడు గుర్రాలున్నాయి. మంచు కరిగేదాకా వాటిని సాకాలి. మూడూ నిలబడి ఉంటే రాకుమార్తె, అన్నలు అతనివారు. ఒక్కటి నేలకు ఒరిగినా మూడో స్తంభం అతనే.

"ఇంకొక మాట. శాల కిటికీ తెరిచావా, ఆ క్షణమే నిన్ను మంచు చేస్తాను. చలిగాలి తగిలితే నా గుర్రాలు బతకవు" అన్నాడు.

ఎండ దేశంలో పుట్టిన సత్యకేతుకు ఆ మాట సబబుగానే తోచింది. కిటికీతో ఆగక, గోడ పగుళ్ళలో కూడా గడ్డి కుక్కి మట్టి మెత్తాడు. గుర్రాలకు కంబళ్ళు కప్పాడు. తొట్ల నిండా ఉడికించిన ఉలవలు పోశాడు. మాంత్రికుడి ఇంట నీళ్ళు మోస్తున్న మందారమాలిక గుమ్మంలో నిలబడి చూసింది.

"మీ అన్నలిద్దరూ కిటికీ మూసే ఓడిపోయారు, రాకుమారా. ఇంత శ్రద్ధగా మూసింది మాత్రం మీరే" అంది.

మంచు కిటికీ దాకా పేరుకుంది. లోపల గుర్రాల ఊపిరి ఆవిరై గోడల మీద నీళ్ళు కారాయి. మూత్రం ఘాటుకు కళ్ళు మండాయి. ఎర్రగుర్రం దగ్గసాగింది. నల్లగుర్రం మేత ముట్టలేదు. తెల్లగుర్రం మోకాళ్ళు వణికాయి. గుర్రం తినకుండా రౌతు ముద్ద ముట్టరాదని తామ్రగిరిలో ఒక కట్టుబాటు. చూసేవాళ్ళు లేరు కదా అని సత్యకేతు దాన్ని తప్పలేదు. ఒక రోజు పస్తు, రెండో రోజు పస్తు. మూడో రోజు తెల్లగుర్రం నోరు విప్పింది.

"మీ అన్నలు మాకంటే ముందు తిన్నారు. నువ్వు తినలేదు. అందుకే చెబుతున్నాను. ఉలవలు తగ్గించి ఎండుగడ్డి పెంచు. కదలని గుర్రానికి గడ్డే లోపలి కుంపటి. నీళ్ళు గోరువెచ్చగా పెట్టు. ఆ కిటికీ తెరువు. చలి మా బొచ్చు దాటి రాలేదు. మా ఊపిరే మమ్మల్ని చంపుతోంది."

గడ్డి వేశాడు. మందారమాలిక కాచి తెచ్చిన నీళ్ళు పెట్టాడు. కిటికీ గడియ మీద మాత్రం చెయ్యి ఆగింది. తెరిస్తే తను మంచవుతాడు. తెరవకపోతే గుర్రం పడిపోతుంది, అప్పుడూ తను మంచే. ఎటూ చావే అయినప్పుడు, నమ్మి అప్పగించిన ప్రాణిని బతికించి చావడమే ధర్మమనుకున్నాడు. గడియ లాగాడు.

గాలి హోరుమని వచ్చింది. లోపలి ఆవిరి పెద్ద మబ్బులా బయటికి సాగిపోయింది. మంచు మీది ఎండ శాల నిండా పరుచుకుంది. మూడు గుర్రాలూ తలలెత్తి గుండెల నిండా గాలి పీల్చాయి. జూలు మీద రాలిన మంచు రవ్వలు చుక్కల్లా మెరిశాయి. సూర్యుడి రథం నుంచి విప్పి తెచ్చి కట్టారా వీటిని, అనుకుంటూ సత్యకేతు చేతులు జోడించాడు.

అంతలో పైకప్పు గడ్డిలోంచి ఒక పచ్చని చిలుక జారి అతని భుజం మీద పడింది. "కిటికీ మూయి బాబూ, చలికి పోతున్నాను" అని వణికింది. అదే క్షణాన శీతాక్షుడు పళ్ళు టకటకలాడుతూ తలుపు తోసుకు వచ్చాడు. చిలుక ఎంత వణికితే అతనూ అంత వణుకుతున్నాడు. కిటికీ మూయించింది గుర్రాల కోసం కాదని, తన ప్రాణం దాచుకున్న ఈ చిలుక కోసమని సత్యకేతుకు అర్థమైంది. చిలుకను ఉత్తరీయంలో చుట్టాడు.

"నా అన్నలను, రాకుమార్తెను విడిచిపెట్టు. ఈ పక్షిని వెచ్చగా ఉంచుతాను" అన్నాడు.

మాంత్రికుడు ఒట్టు వేశాడు. స్తంభాలు కరిగి అన్నలిద్దరూ బయటికి వచ్చారు. కానీ దుష్టుడి ఒట్టు నీటి మీది రాత. సత్యకేతు అన్నల వైపు తిరగగానే వాడు వెనక నుంచి మంత్రదండం ఎత్తాడు. తెల్లగుర్రం సకిలించింది. ఆ సకిలింపుకు బెదిరి చిలుక గుడ్డలోంచి జారి కిటికీలోంచి ఎగిరిపోయింది. మూడుసార్లు రెక్కలాడించి మంచులో పడింది. శీతాక్షుడు నిలబడిన చోట గుప్పెడు మంచు మిగిలింది. మాట తప్పినవాడికి మిగిలేది అంతే.

మూడు గుర్రాలూ వాళ్ళను ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించాయి. రాజు సంతోషించి, మాంత్రికుడి ప్రాణం ఆ శాల చిలుకలో ఉందని ఎలా కనిపెట్టావని చిన్నకొడుకును అడిగాడు.

"నేను కనిపెట్టలేదు నాన్నగారూ. గుర్రానికి ఊపిరి ఆడడం లేదని మాత్రం తెలుసు" అన్నాడు సత్యకేతు.

రాజు తన కిరీటం తీసి అతని తలమీద పెట్టాడు. అన్నలే ముందుగా మొక్కారు. మందారమాలికతో పెళ్ళి వైభవంగా జరిగింది. జుట్టు ఆ కొండంత తెల్లబడేదాకా ఇద్దరూ ధర్మంగా రాజ్యం ఏలారు. గుర్రాలు శాలకు చేరాయి. పిల్లలూ, ఇక మీరు పక్కలకు చేరండి.