రెండో జత చెప్పులు

లైన్‌కి కరెంటు ఇచ్చే హ్యాండిల్ వెయ్యడానికి నిరంజన్‌కి ఇంక ఒక్క జత చెప్పులే అడ్డం.

కంట్రోల్ రూమ్ గడప అవతల గోడ వారగా ఉన్నాయవి. అరిగిపోయిన నీలం హవాయి చెప్పులు. ఎడమ దాని పట్టీ తెగితే రాగి తీగ చుట్టి ఉంది. లైన్‌మన్ పండన్నవి. పొద్దున అక్కడ ఐదు జతలు ఉండేవి. మధ్యాహ్నానికి నలుగురు వచ్చి ఎవరివి వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు.

కొండల్లోని ఆ చిన్న జలవిద్యుత్ కేంద్రంలో అదొక ఆచారం. టెలిఫోను ఏడాదిలో సగం రోజులు మూగబోయే కాలంలో ఎవరు మొదలుపెట్టారో తెలీదు. లైన్ మీద పనికి వెళ్లేవాడు కాగితం మీద సంతకం పెడతాడు, అది రూలు. చెప్పులు విడిచి బూట్లు తొడుక్కుని వెళతాడు, అది ఆచారం. పని ముగించి, దిగి వచ్చి, తన చెప్పులు తనే తొడుక్కోవాలి. అప్పటిదాకా ఆ లైన్‌కి కరెంటు ఇవ్వరు. ఒకరి చెప్పుల్ని ఇంకొకరు పక్కకి కూడా జరపరు.

రెండేళ్ల కిందట ఇంజనీరుగా చేరిన కొత్తలో నిరంజన్ ఇది చూసి నవ్వాడు. పవర్ హౌసా, గుడి ముందు చెప్పుల స్టాండా అని అడిగాడు. ఫోర్‌మన్ జోగినాయుడు కూడా నవ్వి ఊరుకున్నాడు. హోదాలో నిరంజనే పెద్ద. కానీ టర్బైన్ చప్పుడు విని దానికి ఎక్కడ బాగాలేదో చెప్పగలిగేది నాయుడు. ఆరు నెలలు తిరిగేసరికి నిరంజన్ ఆయన్ని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాడు. కాలేజీలో చదువుకున్నది అక్కడే వదిలేసి పని ఆయన దగ్గర నేర్చుకున్నాడు.

భూకంపం వచ్చి అది మూడో రోజు. స్టోరు గది కూలిపోయింది. కాలువకి గండి పడింది. టర్బైన్ గదిలోకి మోకాలి లోతు బురద వచ్చింది. గండి పూడ్చారు, బురద ఎత్తిపోశారు, ఇద్దరూ రెండు రోజులు కన్ను మూయలేదు. మధ్యాహ్నం రెండింటికి మిషన్ లేచి తిరగడం మొదలుపెట్టింది. దాని కరెంటు తీసుకునేవాళ్లు లేక ఉత్తినే తిరుగుతోంది. ఆస్పత్రి లైన్ కలపడం ఒక్కటే మిగిలింది.

ఆ ఆస్పత్రిలో నిరంజన్ కూతురు ఉంది. భూకంపం వచ్చిన సాయంత్రమే, నెలలు నిండకుండా పుట్టింది. కిలోంబావు. వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలో పెట్టారట. తండ్రి ఇంకా చూడలేదు. ఒక కానిస్టేబుల్ మోటార్ సైకిల్ మీద డాక్టరు రాసిన చీటీ తెచ్చి ఇచ్చాడు. జనరేటర్‌లో డీజిల్ ఐదు గంటల వరకే వస్తుంది, దారులు మూసుకుపోయాయి, ఇంక దొరకదు అని అందులో ఉంది.

అప్పుడు టైము మూడైంది.

సెల్ టవర్లు పడిపోయాయి. వైర్‌లెస్ సెట్టు తడిసి చచ్చింది. ఆ లైన్ మీద పనికి వెళ్లిన పండన్న ఎక్కడున్నాడో కనుక్కునే దారి లేదు. నిరంజన్ ప్యానెల్ దగ్గర్నుంచి గడప దాకా, గడప దగ్గర్నుంచి ప్యానెల్ దాకా తిరుగుతున్నాడు. కానిస్టేబుల్ అతన్ని చూసి, పండన్న కోసమా సార్, ఒంటిగంటకి సహాయ శిబిరంలో అన్నం తింటుంటే నేనే చూశాను, పని అయిపోయిందన్నాడు కదా అని చెప్పి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నిరంజన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"పని అయిపోయిందంట మాస్టారూ. అన్నం కూడా తిన్నాడంట. వేసేద్దాం."

నాయుడు మిషన్ చప్పుడు వింటూ కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు.

"చెప్పులు ఇక్కడే ఉన్నాయి బాబూ."

"నా కూతురు అక్కడుంది."

"ఉంది" అన్నాడు నాయుడు.

ఆయన లేచాడు. మొలతాడుకి కట్టుకున్న తాళం చెవి, హ్యాండిల్ పడనివ్వకుండా ఆపే బ్రేకర్ తాళానిది, విప్పి నిరంజన్ అరచేతిలో పెట్టాడు. మాస్టారు ఒప్పుకున్నారనుకున్నాడు నిరంజన్.

నాయుడు గడప దాటాడు. తన తోలు చెప్పులు విడిచి, పండన్న చెప్పుల పక్కన మడమలు సమంగా కలిపి పెట్టాడు. ఆయన బూట్లు కూలిన స్టోరు గది కింద ఉన్నాయి. ఒట్టి కాళ్లతో, రాళ్లు దొర్లిపడిన ఆ మేకల దారి పట్టుకుని, టవర్ల వెంట కొండ ఎక్కిపోయాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి ఎండలో అలా వెళ్లిపోతుంటే నిరంజన్ గడప దగ్గరే నిలబడి చూశాడు. వెంట వెళదామంటే తిరుగుతున్న మిషన్‌ని ఒంటరిగా వదలకూడదు.

మూడుంబావు. మూడూ ఇరవై. నిరంజన్ కూర్చోలేడు, నిలబడలేడు. మీటర్లు చూశాడు. నీళ్లు తాగబోయి గ్లాసు కింద పెట్టాడు. భార్య హేమ ఆ పెట్టె పక్కన కూర్చుని దాని మీద లైటునే చూస్తూ ఉంటుందని అనిపించింది. అతన్ని తప్పుపట్టాలనుకునేవాళ్లు ముందు ఆ గదిలో ఒక్క గంట గడిపి చూడాలి.

మూడున్నరకి తాళం చెవి పెట్టి తిప్పాడు. ఎర్ర దీపం వెలిగింది. హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

పండన్న సంగతి అతను తనకి తను నచ్చజెప్పుకున్నాడు. అన్నం తిన్నవాడు చెట్టు కింద పడుకుంటాడు, అంతే. కానీ నాయుడి సంగతి నచ్చజెప్పుకోలేకపోయాడు. ఎక్కడ తేడా కనిపించినా ఈ వయసులోనూ టవరెక్కే మనిషి ఆయన. ఇప్పుడు ఎక్కడున్నాడో. కింద ఉన్నాడో, పైన ఉన్నాడో.

హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీశాడు. మళ్లీ వేశాడు. మళ్లీ తీశాడు. ముసలాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. రెండేళ్లలో మొదటిసారి ఆయన మీద అసహ్యం పుట్టింది. గడప దగ్గరికి వెళ్లి ఆ రెండు జతలనీ చూశాడు. తోలు చెప్పుల్లో బొటనవేళ్ల గుర్తులు నల్లగా, లోతుగా పడి ఉన్నాయి. వెనక్కి వచ్చి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి రాళ్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

ముందు పండన్న వచ్చాడు. బూట్లు ఊడదీసి నీలం చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. వెనకాల నాయుడు వచ్చాడు. రెండు పాదాలూ చీరుకుపోయి, దుమ్మూ నెత్తురూ కలిసి ఎండిపోయి ఉన్నాయి. నిరంజన్ నీళ్ల బిందె కోసం పరిగెత్తబోయాడు. నాయుడు వద్దని చెయ్యి ఊపి, పళ్లు బిగపట్టి, ఆ పాదాల్నే చెప్పుల్లోకి దూర్చాడు.

"ఇప్పుడు ఎయ్యి బాబూ."

నిరంజన్ తిరిగి ఒకసారి గోడ వార చూశాడు. నేల ఖాళీగా ఉంది. తాళం తిప్పి హ్యాండిల్ వేశాడు. మిషన్ గొంతు మారింది. మీటరులో ముల్లు వణికి, పైకి లేచి, నిలబడింది.

అతను కుర్చీలో కూలబడి, ఇంతసేపు ఎక్కడున్నావని పండన్నని అడిగాడు. అన్నం తిన్నాక వస్తుంటే నేల మళ్లీ కదిలిందని, కొండ మీంచి ఒక బండ దొర్లి పదకొండో టవరుకి తగిలిందని, పైన తీగని పట్టి ఉంచే పింగాణీ పగిలి తీగ వేలాడుతుంటే మళ్లీ ఎక్కానని పండన్న చెప్పాడు. పాత పింగాణీ తెచ్చి బిగించేసరికి ఆలస్యమైందట.

"మాస్టారు కేకేసినప్పుడు తీగ నా సేతిలోనే ఉంది బాబూ. మూడున్నర అయ్యుంటాది."

నిరంజన్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

చీకటి పడకముందే కానిస్టేబుల్ మళ్లీ వచ్చాడు. చీటీ మీద ఈసారి హేమ చేతిరాత. పెట్టె వెచ్చగానే ఉంది, పాప నిద్రపోతోంది, ముక్కు అచ్చం మీ ముక్కే. నిరంజన్ దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. జేబులో తాళం చెవి తగిలింది.

గడప మీద కూర్చుని నాయుడు తడిగుడ్డతో పాదాలు తుడుచుకుంటున్నాడు. నిరంజన్ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, ఆ గుడ్డ తీసుకుని తను తుడవడం మొదలుపెట్టాడు.

"మూడున్నరకి నేను తాళం తిప్పాను మాస్టారూ. చెయ్యి కూడా వేశాను."

నాయుడు తల ఊపాడు.

"నేనెలా ఉన్నానో మీకు తెలుసు. తాళం చెవి మీతో తీసుకుపోవచ్చు కదా. నా చేతికెందుకు ఇచ్చారు?"

నాయుడు పాదం వెనక్కి తీసుకుని, చెప్పులో పెట్టుకున్నాడు.

"మరి నా సెప్పులు ఎవరి దగ్గర వదిలెల్లాలి బాబూ" అన్నాడు.