ఎవరి వాటాకూ రాని నెల

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్లు గోడకు ఆనుకోండి. అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని కాలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లె. పల్లె చివర బయ్యమ్మ అని ఒక విస్తళ్లు కుట్టే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పొద్దున్నే అడవికి పోయి మోదుగాకు కోసుకొచ్చేది, ఆరబెట్టేది, ఈనెపుల్లలతో కుట్టేది. మోదుగాకుదే ఒక పెద్ద కథ. లేతదైతే చిరుగుతుంది, ముదురుదైతే విరుగుతుంది, అది చేతికి తెలియాలి. సరే, అది పక్కన పెడదాం. ఊళ్లో ఎవరింట పెళ్లయినా అందరూ తినేది బయ్యమ్మ విస్తట్లోనే. బయ్యమ్మ తినేది మాత్రం మట్టిమూకుట్లో.

అదే ఊళ్లో పేరమ్మ. ఆమెకు పొలముంది, పాడి ఉంది, ముగ్గురు కొడుకులున్నారు. పెద్దవాడు గురవయ్య, నడిపివాడు కోటయ్య, చిన్నవాడు చెంచయ్య. మొగుడు పోయాక పెద్దమనుషులు కూర్చుని ఆస్తి పంచారు. పొలం మూడు ముక్కలు, గొడ్లు మూడు మందలు, ఇల్లు మూడు వాకిళ్లు. ఆఖరున అమ్మను పంచారు. చైత్రం నుంచి ఆషాఢం దాకా పెద్దవాడింట, శ్రావణం నుంచి కార్తీకం దాకా నడిపివాడింట, మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా చిన్నవాడింట. పన్నెండు నెలలు, ముగ్గురు కొడుకులు, లెక్క సరిపోయింది. అందరూ సంతోషించి విందు చేసుకున్నారు. విస్తళ్లు బయ్యమ్మవే. పేరమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాతి ఏడు అధిక శ్రావణం వచ్చిపడింది. చంద్రుడి ఏడాది పొట్టిది, సూర్యుడి ఏడాది పొడుగుది. ఆ ఇద్దరికీ పొత్తు కుదర్చడానికి మూడేళ్లకోసారి ఒక నెల ఎక్కువ వేస్తారు. ఈ సంగతి పెద్దమనుషులకు తెలియక కాదు. పంచేనాడు ఒక్కరికీ గుర్తు రాలేదు, అంతే.

ఆషాఢ అమావాస్య మర్నాడు గురవయ్య తన నెలలు తీరాయని అమ్మ మంచం బయట పెట్టాడు. పేరమ్మ కోటయ్య వాకిట్లోకి పోయింది. ఇది అధికం గదమ్మా, నా శ్రావణం ఇంకా రాలేదు అన్నాడు కోటయ్య. చెంచయ్య వాకిట్లోకి పోయింది. నా వంతు మార్గశిరంలో గదమ్మా, ఇప్పుడే ఒప్పుకుంటే అన్నలకు అలవాటైపోతుంది అన్నాడు చెంచయ్య. ముగ్గురిలో ఎవడూ చెడ్డవాడు కాదు. ఎవడికి వాడు తన మాటే న్యాయమనుకున్నాడు. పేరమ్మ మంచం మూడు వాకిళ్ల మధ్య చినుకుల్లో మిగిలింది.

ఆకుమోపుతో వస్తున్న బయ్యమ్మ చూసింది.

"ఏంది పెద్దమ్మా, వానలో కూర్చున్నావు?"

"ఈ నెల నేనెవరికీ రాలేదే, బయ్యీ."

బయ్యమ్మ ప్రాణం ఉసూరుమంది. ఆ నెల ఆమెకూ గడ్డు నెలే. అధికమాసంలో పెళ్లిళ్లుండవు, పెళ్లిళ్లు లేకపోతే విస్తళ్లెవరు కొంటారు? కుండలో ఉన్న జొన్నలు ఒక్క మనిషికే చాలవు. ఆ జొన్నల్ని తలుచుకుంది. పేరమ్మ తడిసిన కొంగును చూసింది. మోపు దించి, మంచం నెత్తికెత్తుకుంది.

"రా పెద్దమ్మా. నా ఇంట్లో పంచాంగం లేదు."

ఆ నెలంతా ఇద్దరూ అంబలి పలచన చేసుకు తాగారు. రాబోయే పెళ్లిళ్లకు కలిసి విస్తళ్లు కుట్టారు. పేరమ్మ కుట్టిన మొదటి విస్తరిని బయ్యమ్మ వెలుతురుకేసి పట్టి చూసి, ఇందులో పులుసు పోస్తే పక్కవాడి ఒళ్లోకి పోతుంది అంది. పేరమ్మ పకపకా నవ్వింది. మొగుడు పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

నిజ శ్రావణం వచ్చింది. పాడ్యమి పొద్దున్నే కోటయ్య బండి కట్టుకొచ్చి, నా నెల వచ్చిందమ్మా, పద అన్నాడు. బయ్యమ్మ బండికి అడ్డం నిలిచింది. ఆ అధికమాసం మళ్లీ వస్తుంది, అప్పుడు మంచం ఎక్కడ వేస్తారో తేలాకే బండి కదలాలంది. పెద్దమనుషులొచ్చారు. కొడుకులొచ్చారు. గురవయ్య ఆ నెల నాది కాదన్నాడు. కోటయ్య నాది కాదన్నాడు. చెంచయ్య నాది కాదన్నాడు.

"అయితే అది నాకిచ్చెయ్యండి," అంది బయ్యమ్మ.

జనం నవ్వారు. ఆకులేరుకునేదానికి ఆస్తిలో వాటా కావాలంట్రా అని ఒక పెద్దమనిషి దెప్పాడు.

"ఆస్తి వద్దయ్యా. ఇంత పంచుకున్నారు, ఇదొక్కటి మిగిలిపోయింది. ఎవరికీ అక్కర్లేనిదే అడుగుతున్నా."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమనుషులు అప్పుడు, మొదటిసారిగా, పేరమ్మ వైపు తిరిగి నీ మాటేమిటని అడిగారు.

"ఇచ్చెయ్యండి," అంది పేరమ్మ. "దాని వాటాకైతే నా కాళ్లతో నేనే పోతా."

అలాగే మళ్లీ అధికమాసం వచ్చినప్పుడు తనే నడిచిపోయింది. ఆసరికి బయ్యమ్మ మంచాన పడి ఉంది. పేరమ్మే పొయ్యి వెలిగించింది, అంబలి కాచింది, విస్తళ్లు కుట్టింది. నెలాఖరున బయ్యమ్మ ఆమె ఒళ్లో తల పెట్టుకుని, నా నెల ఎవరికిస్తావు పెద్దమ్మా అని అడిగింది. జవాబు కోసం ఆగకుండానే కన్నుమూసింది. నా అన్నవాళ్లు లేని ఆ మనిషి పాడె పట్టింది పేరమ్మ కొడుకులు ముగ్గురూ. నాలుగో కొమ్ము కింద, ఆనాడు దెప్పిన పెద్దమనిషి. మోస్తూ ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి.

మూడోసారి ఆ నెల వచ్చింది. పేరమ్మ పోయి ఖాళీ గుడిసె ముందు కూర్చుంది. గురవయ్య వచ్చి, ఈ నెల నాదమ్మా అన్నాడు. కోటయ్య వచ్చి నాదన్నాడు. చెంచయ్య వచ్చి నాదన్నాడు. పొలం గట్ల దగ్గర కూడా అంత గట్టిగా పోట్లాడుకోలేదు వాళ్లు.

"బయ్యమ్మదిరా అది," అంది పేరమ్మ నవ్వుతూ. "మీరు ముగ్గురూ దాని కౌలుదార్లు. పోయి అన్నం పట్రండి."

మూడిళ్ల నుంచీ అన్నం వచ్చింది. బయ్యమ్మ కుట్టి ఉంచిపోయిన విస్తళ్లలో నలుగురూ తిన్నారు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల అధికమాసాన్ని బయ్యమ్మ నెల అంటారు. అన్నదమ్ములు పంచుకునేచోట ముందు పెద్దప్రాణాన్ని అడుగుతారు, నీకేం కావాలని. ఆ తర్వాతే పొలం, గొడ్లు, ఇల్లు. అంతా తేలాక ఒక పెద్దమనిషి లేచి, పన్నెండు నెలలూ సరే, బయ్యమ్మ నెల ఎవరిదిరా అంటాడు. కొడుకులంతా ఒక్కసారే నాదనాలి. ఒక్క గొంతు వెనకబడినా ఆ పూట విస్తళ్లు వెయ్యరు.