జెకర్యా వేషం

ఏటా క్రిస్మస్ నాటకం మధ్యలో సంఘపెద్ద దేవసహాయం "రెండు ముక్కలు" అంటూ లేచేవాడు. ఆ రెండు ముక్కలూ అయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవారు, చివర్లో ఆడాల్సిన హాస్యం కాస్తా అటకెక్కేది. నాటకం నేర్పే చాపలల్లే కరుణమ్మకు ఒళ్లు మండిపోయేది.

ఈసారి ఆయన తనకూ పెద్ద వేషం కావాలన్నాడు.

"దేవాలయ యాజకుడు జెకర్యా మీరేనయ్యా," అందామె. పట్టుబట్టలు చూసి ఆయన మురిసిపోయాడు.

నాటకంలో దూత వేషం వేసిన పిల్ల వచ్చి, "ముసలితనంలో నీకు కొడుకు పుడతాడన్న నా మాట నమ్మలేదు గనుక, ఆ బిడ్డ పుట్టేదాకా మూగవాడివై ఉంటావు," అంది.

హాస్యం మొదలవబోతుండగా ఆయన అలవాటుగా లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఆగండయ్యా! బిడ్డ పుట్టకుండానే మాట్లాడితే దూత మాట అబద్ధమైపోదూ?" అంది కరుణమ్మ. జనమంతా అవునన్నారు.

ఎప్పుడు పుడతాడని ఆయన ఉక్రోషంగా సైగ చేశాడు.

"వచ్చే ఏటి నాటకంలో," అంటూ ఆమె హాస్యానికి తెర తీసింది.